రెండో బ్రేకు

డ్రైవింగు స్కూల్లో ఆమెకు నేర్చుకునేవాళ్ళు పెట్టిన పేరు రెండో బ్రేకు. స్కూలు బండిలో టీచరు కూర్చునే పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు పెడలు ఉంటుంది. స్టీరింగు ముందున్నవాడు కంగారుపడితే టీచరు దాన్ని తొక్కుతుంది, బండి ఆగుతుంది. అంతవరకు అన్ని స్కూళ్ళలోనూ ఉన్నదే. ఈమె మాత్రం వాడు కంగారుపడక ముందే తొక్కేది. పడతాడేమోనని తొక్కేది. పడే రకంలా ఉన్నాడని తొక్కేది. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళు పరీక్షలో ఇట్టే పాసయ్యేవారు. తర్వాత సొంత కారెక్కి మొదటి మలుపు దగ్గర, బ్రేకు తమంతట తామే తొక్కుకోవాలని తెలిసి నోరు వెళ్ళబెట్టేవారు.

ఆ ఇంటికి ఆమె పెద్దకోడలు. స్కూలు మామగారు పెట్టింది. ఆయన కాళ్ళు పనిచేయడం మానేశాక పెద్దకొడుకు చూసుకోవాలి. పెద్దకొడుకు కొన్నాళ్ళు నేర్పి, ఒకరోజు నేర్చుకునే ఆయన గేటును గుద్దబోతే చూడలేక కళ్ళు మూసుకుని, తెరిచేసరికి గేటు బానెట్టు మీద ఉండగా ఇంటికొచ్చి "నావల్ల కాదు" అని పడుకున్నాడు. అప్పటిదాకా ముందుగదిలో ఫోన్లు ఎత్తుతున్న పెద్దకోడలు తాళాలు తీసుకుని బయటికి నడిచింది. ఎవరూ వెళ్ళమనలేదు, ఎవరూ వద్దనలేదు. ఆ రోజునుంచి ఫోన్లు పెద్దకొడుకు ఎత్తుతాడు, అదీ మూడోసారి మోగితే.

ర్యాలీ సంగతి ఆమెకు తర్వాత అంటింది. ర్యాలీ అంటే జెండాలు పట్టుకుని నినాదాలిస్తూ నడవడం అనుకునేవాళ్ళకు ఒక మాట చెప్పాలి. ఇది కార్ల పందెం. ఊరి బయట క్వారీల మధ్య తిరిగే గులకరోడ్లను ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కను స్టేజి అంటారు. ఆ రోజుకు రోడ్డు మూసేస్తారు. కార్లు ఒకదాని తర్వాత ఒకటి విడివిడిగా బయల్దేరతాయి, కాబట్టి ఎదురుగా శత్రువు కనబడడు, గడియారమే కనబడుతుంది. కారులో ఇద్దరుంటారు. ఒకరు నడుపుతారు, పక్కనున్నవారు ముందు ఏ మలుపు వస్తుందో కాగితం చూసి చదువుతారు. అన్ని స్టేజీలూ కలిపి తక్కువ సమయంలో ముగించినవాళ్ళదే గెలుపు. డబ్బున్నవాళ్ళకు పెద్ద ఇంజన్ల తరగతులుంటాయి. మిగిలినవాళ్ళకు చిన్న ఇంజన్ల తరగతి.

ఆమె స్కూలు బండ్లలోకెల్లా పాతదాన్ని తీసుకుంది. ఎంతోమంది కొత్తవాళ్ళ చేతిలో గేర్లు కరకరమని నలిగిన బండి. లోపల ఇనుప చట్రం బిగించి, వెడల్పాటి బెల్టులు వేయించి, ఏళ్ళ తరబడి పందేల్లో నడిపింది. ప్రతిసారీ చివర్నుంచి రెండోది వచ్చేది. చివరిది ఎవరంటే, దారిలో ఆగిపోయినవాళ్ళు. ప్రతిసారీ బండి దిగి హెల్మెట్టు తీసి ఒకటే మాట అనేది: "బండికి దమ్ము లేదు." మెకానిక్కు తలూపేవాడు. భర్త తలూపేవాడు. పందేలు నడిపే క్లబ్బులో టీ పోసే ఆయన కూడా తలూపేవాడు.

తర్వాత ఆమె ఎడమ భుజం పట్టేసింది. చెయ్యి రొమ్ము ఎత్తు దాటి లేచేది కాదు. వీధిలో కొత్తవాళ్ళ పక్కన కూర్చోడానికి ఆ భుజంతో పనిలేదు గాని, గులకరోడ్డు మీద స్టీరింగు తిప్పడానికి కావాలి. బండి షెడ్డులో దుప్పటి కప్పుకుని పడుకుంది.

చిన్నకోడలు సరిగ్గా అప్పుడే అడిగింది.

చిన్నకోడలు అదే ఇంట్లో పైవాటాలో ఉంటుంది. బేకరీవాళ్ళ వ్యాను నడుపుతుంది. తెల్లారకుండానే రొట్టెలు ఊరంతా తిప్పి, జనం పళ్ళు తోముకునే వేళకు ఇల్లు చేరుతుంది. ఇద్దరికీ పడదు. ఆ పడకపోవడానికి మూలం చెప్పులు విడిచే చోటు దగ్గరా లేదు, వంటగదిలోనూ లేదు. పెళ్ళికి ముందే చిన్నది డ్రైవింగు నేర్చుకుంది, అదీ ఎదురువీధి స్కూల్లో. సొంతింటి స్కూలుకు కోడలై వచ్చి, "మళ్ళీ ఒకసారి నా పక్కన కూర్చో, తప్పులేమైనా ఉంటే దిద్దుతాను" అని తోడికోడలు పిలిస్తే, "నాకు వచ్చుగా" అనేసింది. పెద్దకోడలి దృష్టిలో ఒక మనిషి ఇంతకంటే పొగరు చూపడానికి వీల్లేదు.

మెట్ల మీద ఎదురుపడి అడిగింది.

"అక్కా, షెడ్డులో బండి ఊరికే పడుంది కదా."

"పడుంటే?"

"నేను తోలతా."

"తోలడానికి అది గేదె కాదు."

"నువ్వు నడిపినప్పుడు అలాగే ఉండేది మరి."

ఇంకెవరైనా అయితే అక్కడితో తలుపు వేసుకునేవారు. పెద్దకోడలు మాత్రం, "సరే. పక్క సీట్లో నేను కూర్చుంటా" అంది.

"నువ్వా? నువ్వు నాకు దారి చెప్తావా?"

"ఊరందరికీ చెప్తున్నా. నీకు చెప్పలేనా?"

"ఊరందరికీ లైసెన్సు కావాలి. నాకు ఉంది."

అయినా ఒప్పుకుంది, బండి కావాలి కాబట్టి.

క్రీడలు మనుషుల్ని దగ్గర చేస్తాయని ఉపన్యాసాలిచ్చేవాళ్ళు సాధారణంగా క్రీడలు టీవీలో చూస్తారు. పెద్దకోడలు ఆ సీట్లో కూర్చుంది కాపలా కాయడానికి. ఇన్నేళ్ళుగా ఆమె నిలబెట్టుకున్న మాట ఒక్కటే: తను మంచి డ్రైవరు, బండికే దమ్ము లేదు. ఇప్పుడు అదే బండి, అదే ఇంజను, అవే రోడ్లు. చిన్నది కూడా చివర్నుంచి రెండోది వస్తే ఆ మాట నిలుస్తుంది. చిన్నది గెలిస్తే, ఇన్నేళ్ళూ దమ్ము లేనిది దేనికో ఊరంతటికీ తెలిసిపోతుంది. పోనీ ఓడిపోవాలని కోరుకుందా అంటే, తనతో తను కూడా అలా అనుకోలేదు. జాగ్రత్త అనుకుంది. చాలా పాపాలకు మనం ఇంట్లో పిలుచుకునే ముద్దుపేరు జాగ్రత్త.

పందేనికి ముందు బండిని తనిఖీ చేసే క్లబ్బు మనిషి లోపల తలపెట్టి, పక్క సీటు కింద పెడలు చూసి నాలిక చప్పరించాడు.

"ఇదింకా ఉంచారేంటమ్మా?"

"స్కూలు బండి కదండీ."

"ఉంటే ఉండనివ్వండి గాని పనిచేయకూడదు. నడిపేది ఒక్కరే అయుండాలి. లింకు తీయించండి."

రెండు పెడళ్ళనూ కలిపే కడ్డీ ఒక్క పిన్ను మీద ఆధారపడి ఉంటుంది. మెకానిక్కు పట్టకారుతో ఆ పిన్ను లాగి ఆమె చేతిలో పెట్టాడు. తనిఖీ ఆయన పెడలును చేత్తో నొక్కాడు. అది ప్రాణం లేనిదానిలా నేలకు జారింది. తృప్తిపడి అద్దానికి స్టిక్కరు అంటించి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక ఆమె షెడ్డులో వంగి పిన్ను మళ్ళీ దూర్చి, కొస వంచింది. ఎడమ భుజం లేవదు గాని, వంగడానికి ఏ ఇబ్బందీ లేదు.

మర్నాడు రోడ్డు చూసుకునే రోజు. పందెం ముందురోజు కార్లను నెమ్మదిగా ఆ దారి వెంట పోనిస్తారు. అప్పుడే ప్రతి మలుపూ ఎంత మెలికో కాగితం మీద రాసుకోవాలి. మొదటి మలుపు దగ్గరే గొడవ మొదలైంది.

"రెండు ఎడమ," అంది పెద్దకోడలు రాసుకుంటూ.

"రెండేంటి? ఐదు."

"ఒకటంటే బాగా మెలిక, ఆరంటే దాదాపు తిన్నన. అందరూ అంతే రాస్తారు."

"మా దగ్గర ఒకటంటే తిన్నన. ఆరంటే మెలిక."

"ఆ స్కూల్లో అన్నీ తలకిందులేగా."

"తలకిందులుగా నేర్చుకునే రోజూ వ్యాను తిప్పుతున్నా. ఒక్క గీత పడలేదు."

"ఊరంతా తప్పుకుంటే గీతెందుకు పడుతుంది?"

వెనక కారువాడు హారను మోగించేదాకా ఇద్దరూ అరుచుకున్నారు. ఇది పౌరుషంతో తేలే విషయం కాదు. ఒకే అంకెకు ఇద్దరి తలల్లో రెండు మలుపులుంటే, రేపు పోయేది ఇద్దరి తలలూ. అయినా ఎవరూ తగ్గలేదు. అంకెలు లేకుండానే కొంత దూరం పోయారు. అక్కడ రోడ్డు కొండ చుట్టూ వెళ్ళబోయి, మనసు మార్చుకున్నట్టు ఒక్కసారిగా వెనక్కి మళ్ళింది. చిన్నది స్టీరింగు మొత్తం తిప్పి, పళ్ళు బిగించి, "అబ్బ, అచ్చం మన ఆడబిడ్డే. ముందుకెళ్దామంటే పడనివ్వదు, మెడ పట్టుకుని వచ్చినచోటికే తిప్పుతుంది" అంది.

పెద్దకోడలికి నవ్వొచ్చింది. దాన్ని దగ్గుగా మార్చుకుని కాగితం మీద రాసింది: ఆడబిడ్డ, కుడి.

తర్వాత ఇక వెతుక్కోనక్కర్లేకపోయింది. గట్టి మెలిక అయితే అత్తగారు, ముందునుంచే సర్దుకోకపోతే గోడకు కొడుతుంది. మధ్యరకం మెలిక మామగారు, బెట్టుగా కనబడతాడు గాని కొంచెం గట్టిగా అడిగితే దారిస్తాడు. ఇక ఉందో లేదో తెలియని వంపు, స్టీరింగు కదపకుండానే దాటిపోయేది, మొగుడు. ఇద్దరూ అన్నదమ్ములనే చేసుకున్నారు కాబట్టి ఈ కొలతలో వాదనకు చోటులేదు. ఒక ఇంట్లో ఇన్నేళ్ళున్నా ఉప్పు దగ్గర కూడా కలవనివాళ్ళు, ఆ రోజంతా క్వారీ రోడ్లమీద అత్తమామల్నీ మొగుళ్ళనీ ఏ తేడా లేకుండా పంచుకున్నారు.

తేడా ఒక్కచోటే వచ్చింది. చివరి స్టేజిలో రోడ్డు ఒక మిట్ట ఎక్కి, దిగగానే కల్వర్టు మీద ఎడమకు తిరుగుతుంది. మిట్ట ఎక్కేదాకా ఆ మలుపు కనబడదు.

"మామగారు," అంది చిన్నది.

"అత్తగారు," అంది పెద్దకోడలు.

"మామగారే అక్కా. చూడు, ఎంత వెడల్పుందో."

"కింద కాలవ ఉంది."

"కాలవ ఉంటే మలుపు మారుతుందా?"

"పెన్ను ఎవరి చేతిలో ఉంది?"

అత్తగారు అనే రాసింది, కింద రెండు గీతలు కూడా గీసింది.

పందెం రోజు పొద్దున వాళ్ళ తరగతిలో గట్టివాడైన పెయింటరు ఎదురొచ్చాడు. ఇళ్ళకు రంగులు వేసే మనిషి. వాళ్ళ బండిలాంటిదే అతని బండీ, కాకపోతే కొత్త పెళ్ళికొడుకులా మెరుస్తూ ఉంటుంది. వరసగా కప్పు పట్టుకుపోతున్నాడు.

"ఏమ్మా, ఎల్ బోర్డు ఊడిపోయిందా?" అన్నాడు స్కూలు బండి చుట్టూ తిరిగి.

"ఊడలేదన్నా. నీకోసం దాచాం," అంది చిన్నది. "సాయంత్రం తగిలించుకుని పోదువుగాని."

పెయింటరు పెద్దకోడలి వైపు తిరిగి, "మీరుండగా ఈ గొడవ లేదమ్మా. మర్యాదగా వెనకాలే వచ్చేవారు" అన్నాడు.

బెల్టులు బిగించుకుంటూ పెద్దకోడలు చిన్నదానితో, "నోటితో కాదు, బండితో గెలువు" అంది.

"నోరు మీ ఇంటికొచ్చాక నేర్చుకున్నా. బండి మాత్రం ముందే వచ్చు."

మొదటి స్టేజీ మొదలైంది. బండి కింద గులకరాళ్ళు వడగళ్ళలా మోగుతున్నాయి. హెల్మెట్టు మైకులో పెద్దకోడలి గొంతు, వీధిలో కొత్తవాళ్ళకు పాఠం చెప్పే గొంతే, ఎత్తూ పల్లం లేకుండా సాగుతోంది. "మొగుడు కుడి. మొగుడు ఎడమ. వంద మీటర్లు. అత్తగారు కుడి, లోపలివైపు బండరాయి." చిన్నది నడిపే తీరు వేరు. ఆ పిల్ల మలుపు వచ్చాక ఆలోచించే రకం కాదు. మలుపుకు ముందే బండిని పక్కకు పడేసి, అది జారుతుండగా దాంతో మాట్లాడుకుంటుంది. వెళ్తున్న వేగం తప్పు, అది జారడం తప్పు, చివరికి రోడ్డు మీదే ఉండటం ఇంకా పెద్ద తప్పు. పెద్దకోడలి కాలు పెడలు మీదికి వెళ్ళింది. గట్టిగా తొక్కలేదు. కూరలో ఉప్పు చిటికెడు వేసినట్టు అక్కడక్కడ, చిన్నదాని కాలు యాక్సిలరేటరు మీదున్నప్పుడే, ఒక్క రవ్వ.

"ఇదేంటి, లాగట్లేదు?" అంది చిన్నది స్టేజి దాటాక.

"గులక వదులుగా ఉంది."

"గులక కాదు. ఎవరో వెనకనుంచి చొక్కా పట్టుకున్నట్టుంది."

"చెప్పాగా. బండికి దమ్ము లేదు."

ఆ మాట నోట్లో పాత బెల్లంముక్కలా తియ్యగా కరిగింది.

మధ్యాహ్నానికి బోర్డు మీద లెక్కలు చూస్తే ఆ తీపి పోయింది. ఒక్క స్టేజి మిగిలింది. చిన్న ఇంజన్ల తరగతిలో పెయింటరు ముందున్నాడు, వీళ్ళు రెండో స్థానంలో ఉన్నారు, మధ్య తేడా చాలా తక్కువ. చొక్కా పట్టుకుని లాగినా ఇక్కడికి వచ్చింది ఈ పిల్ల. పెద్దకోడలు బోర్డు మీది అంకెలు మళ్ళీ కూడుకుంది. ఎవరో "బాగా చేస్తున్నారమ్మా" అంటే, ఆ మనిషి తనను తిట్టినట్టు చూసింది.

బండ్లకు మరమ్మతులు చేసుకునే చోట, రాళ్ళు కొట్టే షెడ్డు గోడకు ఆనించినట్టు బండిని వెనక్కి పెట్టారు. గోడంతా రాతిపొడి పేరుకుని తెల్లగా ఉంది. మెకానిక్కు చక్రం మారుస్తున్నాడు. పెద్దకోడలు సీట్లోనే కూర్చుని చివరి స్టేజి కాగితాలు మనసులో చదువుకుంటోంది. చదువుతుంటే ఒక్కో మలుపు కళ్ళముందుకొస్తోంది, వచ్చినప్పుడల్లా కాలు దానంతట అదే కదులుతోంది. వెనకనుంచి చిన్నది మెకానిక్కును దులిపేయడం వినబడుతోంది.

"నువ్వు ఇంజను ట్యూనింగు చేశావా, జోల పాడి పడుకోబెట్టావా? ఎక్కడ లాగాలో అక్కడ చతికిలపడుతోంది. అసలు నీకు..."

అక్కడ ఆగిపోయింది. ఆ ఇంటికి కోడలై వచ్చాక ఆమె ఒక తిట్టును మధ్యలో వదిలేయడం అదే మొదటిసారి. పెద్దకోడలు తల తిప్పి చూసింది. చిన్నది బండి వెనక నిలబడి తెల్లటి గోడవైపు చూస్తోంది. తర్వాత కిటికీ దగ్గరికి వచ్చింది. మొహం ప్రశాంతంగా ఉంది.

"అక్కా, టైము కార్డు మీద ఇందాకటి స్టేజి సంతకం సరిగ్గా పడినట్టు లేదు. ఒకసారి వెళ్ళి అడిగిరావా? నువ్వడిగితే వాళ్ళు కాదనరు."

తన మాటకు విలువుందని తోడికోడలు తన నోటితో చెప్పడం పెద్దకోడలికి నచ్చింది. నచ్చడం వల్లే అనుమానం రాలేదు. బెల్టులు విప్పుకుని వెళ్ళింది. బల్ల దగ్గర మనిషి కార్డు అటూ ఇటూ తిప్పి, "బానే ఉందిగా" అన్నాడు. తిరిగొచ్చేసరికి చిన్నది తన సీట్లో బెల్టులు బిగించుకుని, చేతికి గ్లవ్సులు తొడుక్కుని సిద్ధంగా ఉంది. మెకానిక్కు చేతులు గుడ్డతో తుడుచుకుంటూ ఆకాశంలో ఏదో వెతుకుతున్నాడు.

చివరి స్టేజిలో మొదటి మలుపుకే ఆమె కాలు పెడలు మీద పడింది. పెడలు నేలకు కొట్టుకుంది. టక్.

మళ్ళీ తొక్కింది. టక్. కింద ఏమీ లేదు. బండి తన దారిన తను పోతోంది. పిన్ను ఊడి పడిపోయుంటుందని అనుకుంది. వంగి చూడ్డానికి బెల్టులు ఒప్పుకోవు, ఆపమని చెప్పడానికి నోరు ఒప్పుకోదు. ఏమని చెప్తుంది? ఉండకూడని బ్రేకు పనిచేయట్లేదనా?

"చదువు అక్కా!"

"మామగారు కుడి. యాభై. అత్తగారు ఎడమ." గొంతు వీధి గొంతు కాదిప్పుడు. కాలు మాత్రం ఆగదు. టక్. టక్. ప్రతి మలుపుకూ కాలు తొక్కుతోంది, ప్రతి మలుపునూ బండి దాటుతోంది. చిన్నది నవ్వుతోందో, ఆయాసపడుతోందో మైకులో తెలియడం లేదు.

మిట్ట కనబడింది.

"మిట్ట. వెంటనే అత్తగారు ఎడమ! అత్తగారే! కింద కాలవ!"

చిన్నది అత్తగారికి ఇవ్వాల్సిన మర్యాద ఏమీ ఇవ్వలేదు. బండి మిట్ట మీదికి దూసుకెళ్ళి ఒక్క క్షణం బరువు కోల్పోయింది. పెద్దకోడలు రెండు కాళ్ళతో పెడలును నేలకు అదిమిపట్టింది. నడుములోని బలమంతా అందులోనే ఉంది. బండి దిగింది, ఎడమకు ఒరిగింది, వెనక చక్రం కల్వర్టు లోపలి అంచు సున్నాన్ని గీరుకుని పోయింది. అంతే. మలుపు అయిపోయింది. బయటివైపు రోడ్డు ఇంకా చాలా వెడల్పుగా మిగిలి ఉంది. మామగారే.

పెద్దకోడలు కాగితం వైపు చూస్తోంది గాని అక్షరాలు కనబడటం లేదు.

"చదవవే! తర్వాత ఎవరు?" అరిచింది చిన్నది. వరసలు గాలికి పోయాయి.

"మొ... మొగుడు. మొగుడు కుడి."

"ఆయనుంటే ఎంత, లేకుంటే ఎంత! ఆ తర్వాత?"

పెయింటరు మీద గెలిచారు. ఒక తుమ్ము తుమ్మేంత తేడాతో గెలిచారు. అతను వచ్చి బండి బానెట్టు మీద చెయ్యి వేసి, చిన్నదాన్ని పలకరించకుండా పెద్దకోడలి మొహంలోకి చూశాడు. "ఇదే బండా అమ్మా? మీరు ఇన్నేళ్ళు నడిపింది ఇదేనా?" ఎగతాళి కూడా లేదు ఆ గొంతులో, నిజంగానే అడుగుతున్నాడు. అదే ఎక్కువ గుచ్చుకుంది. పక్కనుంచి మెకానిక్కు, "దమ్ము బానే ఉన్నట్టుందమ్మా" అన్నాడు. ఇన్నేళ్ళు తలూపిన మనిషే.

"దారి సరిగ్గా చదివితే ఏ బండైనా వెళ్తుంది," అంది పెద్దకోడలు. ఆ మాట ఆమె అక్కడికక్కడే కనిపెట్టింది. పాతమాట చచ్చిపోయింది కాబట్టి కొత్తది కావాలి.

క్లబ్బువాళ్ళు ఇద్దరికీ కలిపి ఒకే కప్పు ఇచ్చారు. ఇంటికొచ్చాక చిన్నది దాన్ని తిన్నగా కిందవాటా వంటగదిలోకి తెచ్చి అరమీద పెట్టింది.

"నీ దగ్గరే ఉండనీ అక్కా. పైన చోటు లేదు."

ఎప్పుడూ లేని ఆ పెద్దమనసు ఏమిటో పెద్దకోడలికి కాసేపటికి అర్థమైంది. అరమీదినుంచి తీస్తే కప్పులో ఏదో గలగలమంది. వంచి చూస్తే అరచేతిలో పిన్ను పడింది, గ్రీజుతో సహా. కొస వంపు తన చేత్తో వంచిందే.

ఆమె పైవాటా మెట్లెక్కింది. లోపల అన్నదమ్ములిద్దరూ టీవీ చూస్తున్నారు. ఆమె మొహం చూసి ఇద్దరూ టీవీకి ఇంకొంచెం దగ్గరగా జరిగారు. చిన్నది వంటింటి గడపలో నిలబడి ఉంది.

"నువ్వు తీశావా?" అంది పెద్దకోడలు పిన్ను చూపించి.

"నువ్వు పెట్టావా?"

"చచ్చేవాళ్ళం."

"చావలేదుగా. మామగారే అది. చెప్పానా, లేదా?"

"ఎలా తెలిసింది?"

"నువ్వు సీట్లో కూర్చుని చదువుకుంటుంటే గోడమీద మన బండి ఎర్రలైట్లు వెలిగి ఆరుతున్నాయి. స్టీరింగు ముందు ఎవరూ లేరు. మొగుడు మలుపుకు కూడా వెలిగాయి అక్కా, సిగ్గులేకుండా."

పెద్దకోడలు పిన్నును గుప్పిట్లో మూసుకుంది. తర్వాత, "తనిఖీ ఆయనకు చెప్తే నీ కప్పు పోతుంది" అంది.

"చెప్పు. పెట్టిన చెయ్యి ఎవరిదో కూడా చెప్పు. ఆ తర్వాత నీ స్కూలుకు ఎవరొస్తారో చూద్దాం."

అది నిజం. ఇద్దరి పీకలూ ఒకదాని చేతిలో ఒకటి ఉన్నాయి. ఇంతకంటే గట్టి బంధుత్వం ఆ ఇంట్లో అంతకుముందు ఏదీ లేదు.

"వచ్చే పందేనికి ఇంకెవరినైనా వెతుక్కో," అంది పెద్దకోడలు మెట్లవైపు తిరిగి.

"ఎందుకు? నువ్వే కూర్చో."

"నేనా?"

"నీ కాలు టక్ మంటుందే, ఆ చప్పుడు బాగా పనికొచ్చింది నాకు. నువ్వు టక్ మనిపించావంటే నేను యాక్సిలరేటరు ఇంకా కొంచెం తొక్కొచ్చన్నమాట. మిట్ట దగ్గర రెండు కాళ్ళతో టక్ మనిపించావు కదా, అప్పుడే అనుకున్నా, ఇది పూర్తిగా తొక్కాల్సిన చోటని. ఇంత బాగా దారి చెప్పినవాళ్ళు ఎవరూ లేరు." కొంచెం ఆగి, "పెడలు పీకించకు, ఉండనీ" అంది.

లోపల టీవీ ముందు ఎవరో ఖళ్ళున నవ్వి, వెంటనే ఆపేసుకున్నారు. ఆ నవ్వు తన భర్తదో, మరిదిదో పోల్చుకోలేక పెద్దకోడలు రెండింటికీ కలిపి ఒక చూపు విసిరి కిందికి దిగింది.

మర్నాడు స్కూలు మామూలుగానే నడిచింది. ఒక ఓటమి మనిషిని మారుస్తుందని చెప్పే కథలు చాలా ఉన్నాయి, వాటికి ఆమె బాధ్యురాలు కాదు. కొత్తగా చేరిన కుర్రాడు సందు మలుపు ఇంకా అంతదూరాన ఉండగానే బండి కుదుపుతో ఆగిపోతే, ఆమె మొహంలోకి చూశాడు. "తిన్నగా చూడు," అంది ఆమె.

సీటు వదిలేద్దామనే అనుకుంది. వదిలేస్తే ఇంకెవరో కూర్చుంటారు, కాళ్ళు ముడుచుకుని నోరు మూసుకునేవాళ్ళు. వాళ్ళతోనూ చిన్నది గెలిస్తే, దారి చదవడం వల్ల గెలిచామన్న మాట కూడా పోతుంది. అందుకని తర్వాతి పందేనికి మళ్ళీ వెళ్ళి బెల్టులు బిగించుకుంది. తనిఖీ ఆయన పెడలు నొక్కాడు, అది నేలకు జారింది, స్టిక్కరు పడింది. పిన్ను ఇంట్లో కప్పులోనే ఉంది.

మొదటి స్టేజిలో ఒక మొగుడు మలుపు దగ్గర ఆమె ఏ భయమూ లేకుండా, కావాలనే కాలు వేసింది. టక్. బండి ఒక్కసారిగా ముందుకు దూకింది.

"ఏముంది అక్కడ?" అంది చిన్నది.

"ఏమీ లేదు. పో."

ఆమె కళ్ళు కాగితం మీదే ఉన్నాయి. ముందు వచ్చేది క్వారీ గుంత అంచున తిరిగే అత్తగారు. ఈసారి ఆ పేరు దగ్గర ఇద్దరికీ పేచీ లేదు. మలుపు దగ్గరికొచ్చింది. ఎప్పటిలాగే కాలు లేచింది. దాన్ని పిక్కలు వణికేదాకా బిగబట్టి, పెడలుకు వెంట్రుకవాసి దూరంలో ఆపింది. గొంతు నిలకడగా ఉంచి చదివింది. "అత్తగారు కుడి." అంతే. చప్పుడు లేదు.

"ఏంటక్కా, ఏమీ అనలేదేంటి?" అంది చిన్నది. ఆ గొంతులో ఆమె మొదటిసారి విన్న చిన్న వణుకు ఒకటి ఉంది. చిన్నదాని కాలు యాక్సిలరేటరు మీదినుంచి లేచింది, బండి మెత్తబడి, మలుపులోకి వినయంగా దిగింది.

పెద్దకోడలు పేజీ తిప్పింది. రెండో బ్రేకు మళ్ళీ దొరికింది. ఈసారి దానికి పిన్నుతో పనిలేదు.